స్క్లిరోథెరపీ

కాళ్ళ మీద చర్మం కింద ఎర్రగానో నీలంగానో సాలెగూడులా అల్లుకుని కనిపించే సన్నని రక్తనాళాలే స్పైడర్ వెయిన్స్. సన్నని సూదితో వాటిలోకి మందు ఎక్కించి, నాళాన్ని మూసివేసే చికిత్స స్క్లిరోథెరపీ. మందు తగిలిన చోట నాళం లోపలి పొర దెబ్బతిని, గోడలు అతుక్కుపోతాయి. కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో అది కనిపించకుండా పోతుంది. రక్తం పక్కనున్న మంచి సిరల్లోకి మళ్ళుతుంది.

సిరలు ఉబ్బి గడ్డలు కట్టే జబ్బును సుశ్రుత సంహిత సిరాజగ్రంథిగా వర్ణించింది. మందుతో సిరను మూసే ఆలోచన మాత్రం ఐరోపాది. 1682లో స్విట్జర్లాండ్‌లో జోలికోఫర్ సిరలోకి ఆమ్లం ఎక్కించాడని చెబుతారు. 1853లో ఫ్రాన్స్‌లో ప్రావాజ్ సిరంజి వచ్చాక ఇనుప లవణాలతో ప్రయత్నాలు మొదలయ్యాయి. ఆ మందులు సిరతోపాటు చుట్టూ ఉన్న కండనూ కాల్చేవి, చీము పట్టేది. దాంతో 1894లో లియాన్‌లో సమావేశమైన శస్త్రవైద్యులు ఈ పద్ధతిని వదిలేయమన్నారు.

దానికి మళ్ళీ ప్రాణం పోసింది సిఫిలిస్ వైద్యం. ఆ జబ్బుకు చేతి సిరల్లోకి మందులు ఎక్కిస్తుంటే సిరలే మూసుకుపోతున్నాయని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో సికార్, జర్మనీలో లిన్సర్ గమనించారు. రోగికి ఇబ్బందైన ఆ ఫలితాన్నే వాళ్ళు చికిత్సగా మలిచారు. సోడియం సాలిసిలేట్, గాఢమైన ఉప్పునీరు వాడుకలోకి వచ్చాయి. నొప్పి మాత్రం విపరీతంగా ఉండేది.

1930లలో న్యూయార్క్ వైద్యుడు బీగలైసన్ సన్నని నాళాలకూ సూది వేసి చూశాడు. మందు ఘాటుకు చర్మం పుండ్లు పడింది, మచ్చలు మిగిలాయి. అందం కోసం చేసే వైద్యంలో ఇంతకంటే పెద్ద ఓటమి ఉండదు. 1970లలో ఫోలీ వంటి అమెరికా వైద్యులు చేపట్టేదాకా ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

ఈ చరిత్ర ముందుకు నడిచింది చాలావరకు మందు ఘాటు తగ్గడం వల్లే. 1946లో సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. మత్తుమందుగా పుట్టిన పోలిడోకనాల్‌ను 1960లలో జర్మన్లు సిరలకు వాడారు. సూది పడిన చోటే అది తిమ్మిరి కలిగిస్తుంది కాబట్టి నొప్పి తక్కువ. అమెరికా దాన్ని 2010లో ఆమోదించింది. సూది తర్వాత కాలికి బిగువుగా కట్టు కట్టి నడిపించే పద్ధతికి 1960లలో డబ్లిన్‌లో ఫెగన్ పేరు తెచ్చాడు. 2000లో ఇటలీకి చెందిన టెస్సారి రెండు సిరంజిలతో మందునూ గాలినీ కలిపి నురగ చేసే తేలిక పద్ధతి చూపించాడు. అది పెద్ద సిరలకు బాగా పనికొచ్చింది.

ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరం నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా గంటల తరబడి కాళ్ళ మీద నిలబడే పనులు చాలా ఉన్నాయి. పత్తి తీత, మిరప కోత, హోటల్లో వంట, బడిలో పాఠం అలాంటివే. వంశంలో సిరల జబ్బు ఉండడం, కాన్పులు, ఒంటి బరువు కూడా తోడైతే సిరల కవాటాలు బలహీనపడతాయి. కొత్తపట్నం వాళ్ళకు దగ్గరి పెద్ద ఆసుపత్రులు ఒంగోలులో ఉన్నాయి. అక్కడికి వెళ్ళినా సూది కంటే ముందు అడగవలసింది సిరల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్. సన్నని గీతలు చాలామందికి చూపుకు ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు, వైద్యం చేయించుకోకపోయినా నష్టం లేదు. చీలమండ దగ్గర చర్మం నల్లబడి మానని పుండు పడితే మాత్రం ఆలస్యం చేయకూడదు. దానికి మూలమైన పెద్ద సిరను వదిలేసి పైపై గీతలకు సూదులు వేయించడం డబ్బు దండగ.

స్పైడర్ వెయిన్స్‌కు సాధారణంగా కొన్ని వారాల ఎడంతో ఒకటికి మించి విడతలు పడతాయి. సూది పడిన చోట గోధుమరంగు మరక మిగలవచ్చు. చాలావరకు అది నెలల్లో తగ్గుతుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. గర్భిణులకు, కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టిన వాళ్ళకు ఈ చికిత్స చేయరు. మూసిన నాళం పోయినా, మరోచోట కొత్తవి పుట్టుకురావచ్చు.