కలివి కోడి: 86 ఏళ్లు ఎవరికీ "దొరకని" మన పక్షి

మా కేసముద్రం తమ్ముళ్లు తరచుగా అడుగుతుంటారు: "అన్నా, అరుదైన పక్షుల్ని చూడాలంటే కేరళ కొండల్లోని వానడవులకే పోవాలా?" పోండి, బాగుంటది. కానీ అంతకంటే అరుదైనది మన కడప జిల్లా ముళ్లపొదల్లోనే ఉంది. అదే కలివి కోడి.

1848లో జెర్డన్ అనే బ్రిటిష్ ఆర్మీ డాక్టర్ దీన్ని శాస్త్రవేత్తలకు పరిచయం చేశాడు. తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన గోదావరి లోయలో, సిరోంచా వైపు కూడా చూశాడు. అంటే ఒకప్పుడు మన వరంగల్‌కి అంత దూరమేం కాదు! 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. అంతే, ఆ తర్వాత మాయం. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. పగలంతా పొదల్లో దాక్కుని, రాత్రి పూట తిరిగే పక్షి ఇది. ఆ సంగతి పుస్తకాల్లో లేదు, అడవి దగ్గరి జనానికి తెలుసు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ బొమ్మలు చూపించి ఊళ్లల్లో అడిగాడు. 1986 జనవరిలో, అక్కడి వేటగాడొకాయన రాత్రి టార్చిలైటు వెలుగులో పక్షిని పట్టేశాడు. 86 ఏళ్ల వెతుకులాటకు జవాబు ఊరోళ్ల దగ్గరే ఉంది!

దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దీని నివాసం మీదికి వచ్చింది. రైతుకు నీళ్లు కావాలి, పక్షికి పొదలు కావాలి. చివరికి కాలువ దారి మార్చారు. అయినా తర్వాత ఏళ్ల తరబడి పక్షి జాడ లేదు. 2025 ఆగస్టులో మళ్లీ దాని పిలుపు రికార్డయింది.

నాకు అర్థమైంది ఒక్కటే. పచ్చటి కొండను చూస్తే "అడవి" అంటాం, ముళ్లపొదల్ని చూస్తే "బంజరు" అంటాం. ఆ మాట వల్లే ఈ పక్షి ఇల్లు చిన్నదైపోతోంది.

లంకమల వెళ్తే అటవీశాఖ పర్మిషన్ తీసుకోండి. ఫోన్‌లో దాని పిలుపు ప్లే చేసి రప్పించాలని చూడొద్దు. వేరే పక్షి తన చోటుకొచ్చిందని కంగారు పడుతుంది. కనబడకపోయినా పర్లేదు, అది బతికుంటే చాలు.