చూసే దిక్కులేని వార్డులు

ఆధునిక నర్సింగ్‌కు పుట్టినిల్లు ఇంగ్లండు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ చొరవతో నర్సుల బడి మొదలైంది. మందు పట్టే చేతికన్నా ముందు రోగిని గమనించే కన్ను కావాలన్నది ఆమె జీవితమంతా పట్టుబట్టి చెప్పిన పాఠం. నూట యాభై ఏళ్లు నిండకుండానే, ఆ దేశంలోనే, స్టాఫర్డ్ అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఆ కన్ను మూతపడింది. అది ఎలా జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

బర్మింగ్‌హామ్‌కూ స్టోక్‌కూ నడుమ ఉన్న ఆ ఊళ్లో 1983లో ఆసుపత్రి తెరిచారు. అక్కడికి వచ్చేవాళ్లవి చాలావరకు అరుదైన జబ్బులు కావు. షుగర్, ఆయాసం, గుండె నీరసం, జారిపడి విరిగిన ఎముక, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో మాట తడబడే ముసలితనం. ఇలాంటి రోగుల ప్రాణం పూటపూటా చూసే చూపు మీద నిలబడుతుంది. శ్వాస నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతోంది, నాడి ఎలా ఉంది, బీపీ పడిపోతోందా, ఒళ్లు కాలుతోందా, పిలిస్తే పలుకుతున్నారా, ఎన్ని నీళ్లు తాగారు, మూత్రం ఎంత వచ్చింది, మడమల దగ్గర, నడుము కింద చర్మం ఎర్రబారిందా? ఒక్కో ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి పట్టేది కొద్ది క్షణాలే. అడిగే మనిషి లేకపోతే ఆ కొద్ది క్షణాల పనే ప్రాణాంతకమవుతుంది.

ఆ మనుషులనే ముందు తగ్గించారు. స్టాఫర్డ్ ఆసుపత్రిని నడిపే మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టు 2006-07లో కోటి పౌండ్లు మిగల్చాలని పూనుకుంది. దాదాపు 150 ఉద్యోగాలు పోయాయి. స్వయంప్రతిపత్తినిచ్చే ఫౌండేషన్ ట్రస్టు హోదా దక్కాలంటే జమాఖర్చులు శుభ్రంగా కనబడాలి. యాజమాన్యం దృష్టంతా అక్కడే. ఎమర్జెన్సీకి వచ్చినవారిలో ఎవరిది ప్రమాదం, ఎవరు ఆగగలరన్నది వైద్యం తెలియని రిసెప్షన్ సిబ్బంది తేల్చాల్సి వచ్చింది. అత్యవసర రోగులను ఉంచే వార్డులో కొన్ని గుండె మానిటర్లు ఆపేసి ఉన్నాయి. వాటిని వాడటం అక్కడి నర్సులకు ఎవరూ నేర్పలేదు. ఎమర్జెన్సీలో రోగి నాలుగు గంటలకు మించి ఉండకూడదన్న నిబంధన ఒకటి పైనుంచి తరుముతుండేది. రోగికి ఏమైందో తేలకముందే గడియారం చూసి వార్డుకు తోసేవారు.

2007 ఏప్రిల్‌లో 66 ఏళ్ల మహిళ ఒకరు ఇంట్లో పడి, చెయ్యి, కటి ఎముక విరిగి అక్కడ చేరారు. ఆమెకు షుగర్ ఉంది. ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి. ఆ సంగతి కాగితాల్లో ఉంది. ఒక షిఫ్టు దిగిపోతూ మరో షిఫ్టుకు రోగిని అప్పజెప్పేటప్పుడు అది సరిగా చేరలేదు, చార్టు తిరగేసి చూసినవారు లేరు. ఇన్సులిన్ ఆగిపోతే రక్తం నిండా చక్కెర ఉన్నా కణాలు పస్తుంటాయి. గత్యంతరం లేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. దాహం, వాంతులు, బరువైన శ్వాస, ఆపై మగత: శరీరం ఒక్కొక్కటిగా కబురు పంపుతూనే ఉంటుంది. వేలికొనన ఒక్క రక్తపు చుక్క తీసి స్ట్రిప్ మీద వేస్తే నిజం బయటపడేది. ఏప్రిల్ 11న ఆమె చనిపోయారు. ఏళ్ల తర్వాత ట్రస్టు కోర్టులో నేరం ఒప్పుకుంది. 2014లో రెండు లక్షల పౌండ్ల జరిమానా పడింది.

మిగతా వార్డుల్లోనూ ఇదే దిక్కులేనితనం. భోజనం పళ్లెం వచ్చేది, తినిపించేవారు లేక అలాగే వెనక్కి పోయేది. నీళ్ల గ్లాసు చేతికి అందని చోట ఉండేది. దాహానికి తాళలేక పూలజాడీలో నీళ్లు తాగినవారున్నారని కుటుంబాలు చెప్పుకుని ఏడ్చాయి. బెల్లు నొక్కినా ఎవరూ రాక, తడిసిన పక్కల్లోనే గంటల తరబడి పడి ఉన్న పెద్దవాళ్లున్నారు.

మన పెద్దాసుపత్రుల్లో రోగి పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండటం మామూలే. ఇంగ్లండులో ఆ అలవాటు లేదు. పలకరింపుల వేళ అయిపోగానే మనిషిని నర్సులకు వదిలి, నమ్మకంతో ఇంటికి వెళతారు. 2007 సెప్టెంబరులో 86 ఏళ్ల తల్లి బెల్లాను చేర్చిన జూలీ బెయిలీకి ఆ నమ్మకం కొద్ది రోజుల్లోనే పోయింది. తల్లి మంచం పక్కన కుర్చీలోనే రాత్రులు గడిపారామె. నవంబరులో తల్లి పోయాక, తనలాంటి కుటుంబాలను కూడగట్టి ఉద్యమం లేవదీశారు. లోపలి నుంచి కూడా ఒక గొంతు లేచింది. ఎమర్జెన్సీ నర్సు హెలీన్ డొనెల్లీ అక్కడి అన్యాయాన్ని రాతపూర్వకంగా పైకి నివేదించారు. ఫలితం ఏమిటంటే, తోటి సిబ్బంది బెదిరింపుల వల్ల రాత్రి డ్యూటీ అయ్యాక కారు దాకా ఒంటరిగా నడవడానికే ఆమె భయపడాల్సి వచ్చింది.

ఇంత జరుగుతుండగానే, 2008 ఫిబ్రవరిలో, ట్రస్టుకు కోరుకున్న హోదా దక్కింది. కాగితాల మీద అన్నీ సరిగానే ఉన్నాయి మరి. 2009 మార్చిలో ఆసుపత్రుల తీరును తనిఖీ చేసే హెల్త్‌కేర్ కమిషన్ నివేదిక వెలువడ్డాకగానీ దేశానికి కళ్లు తెరుచుకోలేదు. వందల సంఖ్యలో అదనపు మరణాలంటూ పత్రికలు రాశాయి. ఆపై ప్రభుత్వం తరఫున విచారణ జరిపిన న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ ఆ లెక్కను ఆధారంగా తీసుకోలేదు. ఒక్కొక్క కుటుంబం చెప్పింది విన్నారు. 2013 ఫిబ్రవరిలో ఆయన ఇచ్చిన రెండో నివేదికలో 290 సిఫార్సులున్నాయి. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఆ ఏడాదే ట్రస్టు నిర్వహణ ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. 2014 నవంబరులో ఆసుపత్రికి పేరు మార్చి పొరుగు ట్రస్టులో కలిపారు. అంతకుముందు, మా ఆసుపత్రి మాకు కావాలంటూ ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆ కోపంలో కొంత జూలీ బెయిలీ మీదికి మళ్లింది. తల్లి సమాధిని పాడుచేశారు. చివరికి ఆమె ఊరే విడిచి వెళ్లిపోయారు. నిజం చెప్పిన మనిషికి పుట్టెడు దుఃఖం పైన ఈ దుఃఖం కూడా.

స్టాఫర్డ్ నర్సులందరూ కఠినాత్ములని నేననుకోను. ఇద్దరు చేయలేని పని ఒక్కరి నెత్తిన పడ్డప్పుడు ముందు రోగితో మాట ఆగిపోతుంది, తర్వాత చూపు ఆగిపోతుంది, ఆఖరికి చూడకపోవడమే అలవాటైపోతుంది. ఆ అలవాటుకు తలొగ్గినవారి తప్పు తప్పే. అయితే దాన్ని కల్పించినవారి తప్పు అంతకన్నా పెద్దది. శ్వాస, ఆక్సిజన్, నాడి, బీపీ, జ్వరం, స్పృహ: ఈ ఆరింటికీ మార్కులు వేసి ప్రమాదాన్ని ముందే పసిగట్టే పద్ధతిని బ్రిటన్ వైద్యులు 2012లో దేశమంతటికీ ఇచ్చారు. మంచిదే. కానీ ఆ మార్కులు వేయడానికి మంచం దగ్గర ఒక మనిషి నిలబడాలి, ఆ మనిషికి తీరిక ఉండాలి. ఏ దేశంలోనైనా సరే, వార్డులో నర్సుల పోస్టులు కోసే కాగితం మీద సంతకం చేస్తున్నవారు ఆ రాత్రి ఏ రోగిని ఎవరూ చూడకూడదో నిర్ణయిస్తున్నారు. స్టాఫర్డ్‌లో ఆ సంతకాలు చేసినవారికి ఆ రోగుల పేర్లు తెలియవు. వాళ్ల కుటుంబాలు మాత్రం ఒక్క పేరూ మరిచిపోలేదు.