కాలనీ కింద పారే ఒర్రె

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని సంఘం మిత్రులు అడిగారు. మన గురువుల గురించి, హాస్టల్ ముచ్చట్ల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లు సివిల్ ఇంజినీరుగా మట్టితో, నీళ్లతో పనిచేసినవాణ్ని కనుక నాకు ఆలస్యంగా పరిచయమైన ఒక చదువు చరిత్ర చెబుతాను. దాని పేరు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్. ఆ మాట వినగానే లాన్లు, పూలకుండీలు గుర్తొస్తాయి. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను. నేల వాలు ఎటు ఉంది, వాన నీరు ఎటు పోతుంది, మట్టి ఎలాంటిది, అక్కడి జనం ఆ జాగాను ఎట్లా వాడుకున్నారు అన్నవి చూసి, ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో తేల్చడం ఆ చదువులో అసలు పని.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1900లో ఈ కోర్సు మొదలుపెట్టింది. మన దేశంలో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో 1972లో పీజీ కోర్సు వచ్చింది. 2008లో విజయవాడలో అలాంటి సంస్థే ఏర్పడ్డాక తెలుగు పిల్లలకు ఈ చదువు కాస్త దగ్గరైంది. అంతకు చాలా ముందే ఈ ఆలోచన మన గడ్డ మీద ఒకసారి అడుగుపెట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ స్థలాన్ని ఎంపిక చేసినాయన ప్యాట్రిక్ గెడ్డిస్. అప్పట్లో బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ప్లాను గీసేముందు ఊరంతా తిరిగి చూడాలన్నది ఆయన పట్టుదల.

ఈ చదువులో పెద్ద మలుపు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ మెక్‌హార్గ్ తెచ్చాడు. ఆయన శిష్యులు ఒక ప్రాంతానికి సంబంధించి వాలుకో షీటు, మట్టికో షీటు, వరద మైదానానికో షీటు, అడవికో షీటు పారదర్శకమైన కాగితాల మీద గీసేవారు. అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూస్తే, బాగా నల్లగా కనిపించే చోటు ముట్టుకోకూడనిది. పొటోమాక్ నదీ పరీవాహకం మీద విద్యార్థులు చేసిన పని 1969లో ఆయన వేసిన ‘డిజైన్ విత్ నేచర్’ పుస్తకంలో ఒక అధ్యాయమైంది. ఇవాళ మన ఆఫీసుల్లో జీఐఎస్ అని కంప్యూటర్లో పొరలు పొరలుగా చూసే పద్ధతి వెనక ఆ కాగితాలున్నాయి. రోడ్డు అలైన్‌మెంట్ అంటే దూరమెంత, కటింగ్ ఎంత, ఫిల్లింగ్ ఎంత అని లెక్క కట్టే మా బోటివాళ్లకు ఇది కొత్త లెక్కే.

నాకు అంతకంటే నచ్చింది అదే విభాగానికి తర్వాత వచ్చిన ఆన్ విస్టన్ స్పర్న్ అనే ప్రొఫెసరమ్మ చేసిన పని. 1987లో ఆమె తన విద్యార్థులతో ఫిలడెల్ఫియా నగరం పడమటి భాగంలో పేదల బస్తీలు తిరగడం మొదలుపెట్టారు. అక్కడ చాలా ఇళ్లు కూలి ఖాళీ జాగాలు మిగిలాయి. పేదరికం వల్ల పాడుబడ్డాయని అందరూ అనుకునేవారు. ఆ ఖాళీ జాగాలను మ్యాపు మీద పెట్టి, పాత మ్యాపులతో పోల్చి చూస్తే చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. అది మిల్ క్రీక్ అనే వాగు దారి. 19వ శతాబ్దం చివర్లో ఆ వాగును ఇటుకల మురుగు కాలువలో పెట్టి, పైన మట్టి పోసి ఇళ్లు కట్టారు. వాగు పేరు మరిచారు గాని నీరు తన దారి మరవలేదు. పునాదులు కుంగాయి, సెల్లార్లలో నీళ్లు నిలిచాయి. 1961లో కాలువ కుప్పకూలి, పైన ఉన్న ఇళ్లు దాంట్లోకి పోయాయి.

ఆమె చెప్పింది నగర అధికారులు మొదట్లో పట్టించుకోలేదు. కాలేజీ రిపోర్టులకు ఎక్కడైనా అదే గతి, బీరువాలో పడుంటాయి. 1996లో ఆమె తన విద్యార్థులను ఆ బస్తీలోని సల్జ్‌బర్గర్ మిడిల్ స్కూలుకు పంపారు. పిల్లలు పాత మ్యాపులు, ఫొటోలు ముందేసుకుని తమ వీధి కిందున్న వాగు కథ తామే బయటికి తీశారు, వాన నీరు నిలిపే కుంటలకు ప్లాన్లు వేశారు. క్రమంగా నగర జలవిభాగం కూడా కలిసొచ్చింది. 2011లో ఫిలడెల్ఫియా పెద్ద పెద్ద పైపుల మీదే ఆధారపడకుండా, వాన నీటిని చెట్లతో, మట్టితో నేలలోనే ఇంకించే 25 ఏళ్ల పథకం చేపట్టింది. స్పర్న్ 2000లో ఎంఐటీకి మారినా ఆ బస్తీని వదల్లేదు. డ్రాయింగులు ఎవరైనా గీస్తారు. అన్నేళ్లు అంటిపెట్టుకుని ఉండటమే కష్టం.

ఇదంతా మనకెందుకంటారా? గోదావరికి ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్ అని జిల్లా మ్యాపు గీసి మార్కులు తెచ్చుకున్న తరం మనది. ఆ మ్యాపు నిండా చెరువులే. పై చెరువు నిండితే మత్తడి దుంకి ఒర్రెలో పడి కింది చెరువుకు చేరేది. తూము విప్పడం, మూయడం నీరటి పని. కట్ట మీద మైసమ్మ ఉండేది కనుక ఎవరూ కట్టను గీకే సాహసం చేసేవారు కాదు. ఏ పీజీ కోర్సూ చదవని వాళ్లు వాలు చూసి, మట్టి చూసి వేసిన గొలుసు అది. నిర్మల్ పట్టణం చుట్టూ ధర్మసాగర్, కంచరోని చెరువు, బంగల్‌పేట చెరువు అలాంటివే. 2021 జూలైలో అదే నిర్మల్‌లో జీఎన్ఆర్ కాలనీ నీట మునిగి జనాన్ని పడవల్లో తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో గోదావరి పొంగి మంచిర్యాలలో మాతాశిశు ఆసుపత్రిలోకి నీళ్లు వస్తే బాలింతలను, పసిపిల్లలను వేరే చోటికి తరలించారు. వాన ఎక్కువ పడింది, నిజమే. నీటికి దారి లేకపోవడం మాటేమిటి?

మిషన్ కాకతీయ కింద 2015 నుంచి పూడిక తీశారు. రాష్ట్రం మొత్తం మీద 46,531 చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. చెరువుకు నంబరుంది, సర్వే ఉంది. చెరువుకూ చెరువుకూ నడుమ ఒర్రెను మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. ముందు పోయేదీ అదే. ప్లాట్లు చేసేటప్పుడు మొరం పోసి చదును చేస్తే ఒక్క ఎండాకాలంలో కనబడకుండా పోతుంది. అది ఎటు పారేదో చూపగలిగిన నీరటి కుటుంబాల పెద్దలు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్లు ఉండగానే జరగాల్సిన పని ఇది.

అందుకే స్వర్ణోత్సవ నిధిలో కొంత దీనికి పెట్టాలని సంఘాన్ని కోరుతున్నాను. మన బడి తొమ్మిదో తరగతి పిల్లలను నలుగురైదుగురి జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు ఒక ఒర్రె అప్పగిద్దాం. గ్రామ నక్షా, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, వెంట ఒక పెద్దమనిషి ఉంటే చాలు. విజయవాడ, హైదరాబాద్ కాలేజీల్లోని అధ్యాపకులకు ఉత్తరం రాస్తే విద్యార్థులను ఒక సెమిస్టరు పనికి పంపుతారేమో అడగవచ్చు. టోపోషీట్లు చదవడం నేర్పే బాధ్యత నాది. సోషల్ సార్లు, మేడమ్‌లు ఒప్పుకుంటే వార్షిక పరీక్షలు కాగానే మొదలుపెడదాం. ఏప్రిల్‌లో ఒర్రె అడుగు ఎండి నడవడానికి వీలుగా ఉంటుంది, పొద్దున తొమ్మిదిలోపు తిరిగి రావచ్చు.