షంషేర్ ఖాన్ (ఈతగాడు)

మెహబూబ్ షంషేర్ ఖాన్ (మరణం: 2017 అక్టోబరు 15) 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడిన ఈతగాడు, సైనికుడు. స్వగ్రామం రేపల్లె దగ్గరి కైతేపల్లి. అప్పట్లో అది గుంటూరు జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో జాతీయ రికార్డు నెలకొల్పారు.

కృష్ణా డెల్టా పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేవి కాలువలూ చెరువులే. ఖాన్‌కు కూడా గేదెలను చెరువుకు తోలుకెళ్ళి, వాటితో పాటు నీళ్ళలో దిగడంతో ఈత అబ్బింది. అది పోటీ ఈతగా మారింది మాత్రం సైన్యంలో చేరాకే. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో ఆయన సిపాయి. ఆ రోజుల్లో పల్లెటూరి కుర్రవాడికి కొలతల ప్రకారం కట్టిన కొలను, పక్కనే నిలబడి తప్పులు దిద్దే శిక్షకుడు సైన్యంలో తప్ప దొరకడం కష్టం. 1954లో ఆయన జాతీయ రికార్డు వచ్చింది.

ఆయన ఎంచుకున్న ఈత అప్పటికి కొత్తది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ దాకా బటర్‌ఫ్లై విడి పోటీ కాదు. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవారే రెండు చేతులనూ ఒకేసారి నీటిపైకెత్తి ముందుకు విసిరేవారు, నిబంధనలు అందుకు ఒప్పుకునేవి. అలా ఈదినవారిదే పైచేయి కావడంతో అంతర్జాతీయ సమాఖ్య రెండింటినీ విడదీసింది. కాళ్ళు రెండూ కలిపి కొట్టే డాల్ఫిన్ తన్నుకు బటర్‌ఫ్లైలో అనుమతి వచ్చింది. భుజాలనూ నడుమునూ ఒకే లయలో నడపాల్సిన ఈ ఈతలో 50 మీటర్ల కొలనును నాలుగుసార్లు దాటాలంటే చివరి నిడివిలో చేతులు పైకి లేవడమే కష్టం. ఒలింపిక్స్‌లో మగవారి 200 మీటర్ల బటర్‌ఫ్లై మొదటిసారి జరిగింది మెల్బోర్న్‌లోనే. అంటే ఖాన్ ఆ పోటీ పుట్టిన రోజునే అందులో ఈదారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు వారాలకు, 1956 నవంబరు 22న, ఆ ఒలింపిక్స్ మొదలయ్యాయి. ప్రభుత్వం విమానం ఖర్చు మాత్రమే భరించిందనీ, తిండికి మూడొందల రూపాయలు అప్పు చేయాల్సి వచ్చిందనీ ఖాన్ తర్వాతి కాలంలో చెప్పేవారు. ఆ ఆటల్లో తెలుగువారికి గుర్తుండిపోయింది సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో నాలుగో స్థానం దాకా వెళ్ళిన ఫుట్‌బాల్ జట్టు. అందులో హైదరాబాదు ఆటగాళ్ళు పలువురు ఉండటంతో ఈతగాడి సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

ఆయన గురించి పదేపదే కనిపించే రెండు మాటలను సరిదిద్దాలి. ఒకటి, ఒలింపిక్స్‌లో ఈదిన మొదటి భారతీయుడన్నది. 1932 లాస్ ఏంజెలెస్‌లోనే నళిన్ మాలిక్ ఈదారు. 1948లో లండన్ వెళ్ళిన సచిన్ నాగ్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం కూడా గెలిచారు. రెండోది, మెల్బోర్న్‌లో ఐదో స్థానం వచ్చిందన్నది. ఖాన్ హీట్స్ దాటలేదు. ఫైనల్లో అమెరికాకు చెందిన విలియం యార్జిక్ 2 నిమిషాల 19.3 సెకన్లతో గెలవగా, ఐదోవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ మార్షల్. ఈ కల్పనలు ఖాన్‌కు అక్కర్లేదు. గేదెల చెరువులో నేర్చిన ఈతతో ఆ వరుసలో నిలబడటమే తక్కువ సంగతి కాదు.

కొలను వదిలాక ఆయన పూర్తికాలం సిపాయే. 1962 చైనా యుద్ధంలోనూ, 1971 పాకిస్తాన్ యుద్ధంలోనూ పాల్గొన్నారు. విరమణ తర్వాత కైతేపల్లికే తిరిగి వచ్చి, సైనిక పింఛనుతో బతికారు.

భారత ఈతకు తర్వాతి కాలంలో పేరు తెచ్చిన వాటిలో 200 మీటర్ల బటర్‌ఫ్లైది ముందు వరుసే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో ఖజాన్ సింగ్ దీనిలో రజతం సాధించారు. 2021 జూన్‌లో రోమ్‌లో కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యారు. 1956లో యార్జిక్‌కు స్వర్ణం తెచ్చిన సమయం కన్నా అది దాదాపు 23 సెకన్లు తక్కువ.