ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి

ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి ఒక రాతి సౌరేతర గ్రహం. వ్యాసం భూమికి 1.3 రెట్లు. దక్షిణాకాశంలోని ఇండస్ నక్షత్రమండలంలో, మనకు సుమారు 49 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రాన్ని 11 గంటల్లో చుట్టివస్తుంది. గ్రహానికి ఒక పక్క ఎప్పుడూ పగలే, రెండో పక్క ఎప్పుడూ రాత్రే.

ఆకాశంలో చకచకా స్థానం మారే తారలతో విల్లెం లైటెన్ కూర్చిన పట్టికలో ఈ నక్షత్రానిది 3844వ సంఖ్య. సూర్యుడి వ్యాసంలో ఐదోవంతే ఉండే మసక తార ఇది. దానికో గ్రహం ఉందని 2018 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏప్రిల్‌లో నాసా ప్రయోగించిన టెస్ ఉపగ్రహం తన తొలి పరిశీలనల్లోనే దీన్ని పట్టుకుంది; సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. నక్షత్రం అంత చిన్నది కాబట్టే, గ్రహం అడ్డు వచ్చినప్పుడు తగ్గిన వెలుగు స్పష్టంగా లెక్కకందింది.

అసలు ఘట్టం 2019 ఫిబ్రవరిలో నడిచింది. లారా క్రైడ్‌బర్గ్ బృందం స్పిట్జర్ టెలిస్కోపును దాదాపు 100 గంటల పాటు దీనివైపే గురిపెట్టి, గ్రహం నుంచి వచ్చే పరారుణ కాంతి హెచ్చుతగ్గులను కొలిచింది. పగటి పక్క సుమారు 770 డిగ్రీల సెల్సియస్ వేడి తేలింది. రాత్రి పక్క నుంచి కొలతకందేంత వేడే రాలేదు. దట్టమైన వాతావరణం ఉంటే గాలులు కొంత వేడిని అటు మోసుకుపోయేవి. ఆ ఆనవాలు లేదు గనుక గ్రహం దాదాపు బోడి రాయేనని బృందం నిర్ధారించింది. ఉపరితలం ముదురు రంగుదని, చంద్రుడి మీది నల్లమచ్చల్లా బసాల్ట్ కావచ్చని కూడా అదే కాంతిని బట్టి అంచనా వేశారు. వందల లక్షల కోట్ల కిలోమీటర్ల అవతలి నేల ఎలాంటి రాయో చెప్పగలగడం ఖగోళశాస్త్రంలో నిజంగా గొప్ప అడుగు. ఎర్ర మరుగుజ్జులకు మరీ దగ్గరగా తిరిగే చిన్న గ్రహాలు, నక్షత్ర వికిరణం ధాటికి గాలిని నిలుపుకోగలవా అన్న చర్చలో ఇప్పటికీ ఈ ఫలితాన్ని ఉదహరిస్తారు.

2021లో బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పగలూ రాత్రీ పక్కల ఉష్ణభేదం వల్ల గ్రహం లోపలి శిల ఒక అర్ధగోళం నుంచి మరోదానికి ప్రవహించవచ్చని కంప్యూటర్ నమూనాలతో చూపారు. 2023లో గ్రహానికి కువాకువా అనే పేరు స్థిరపడింది. కోస్టారికాలోని బ్రిబ్రి భాషలో సీతాకోకచిలుక అని అర్థం.

గ్రహం ఒకే ముఖం చూపుతుందన్నది అప్పటిదాకా సిద్ధాంతం మీద ఆధారపడిన మాట. 2024లో ప్రచురితమైన అధ్యయనం స్పిట్జర్ కొలతలనే మళ్లీ పరిశీలించింది. స్వభ్రమణం కక్ష్యా కాలానికి భిన్నంగా ఉంటే, నక్షత్రపు ఆకర్షణ గ్రహాన్ని నిరంతరం పిసికి లోపల అదనపు వేడి పుట్టించాలి. ఆ అదనపు వేడి కొలతల్లో కనిపించలేదు.