కాయను కాదు, చెట్టును చూసినవాడు

మేముండే కొలంబస్‌ను ఆనుకునే తూర్పున రేనాల్డ్స్‌బర్గ్ అనే ఊరుంది. టమోటాకు పుట్టిల్లు తమ ఊరేనని అక్కడివాళ్లు బోర్డులు పెట్టుకున్నారు, టమోటా పండగ కూడా చేస్తారు. మదనపల్లెలో పుట్టినవాణ్ణి, టమోటా పేరు చెప్పి ఇంకో ఊరు గొప్పలు పోతే ఊరుకుంటానా? టమోటా అడవి జాతులు ఆండీస్ కొండలవి. దాన్ని మచ్చిక చేసి సాగులోకి తెచ్చింది మెక్సికో జనం. మరి మధ్యలో ఈ ఒహాయో ఊరి పెత్తనమేమిటని ఆరా తీస్తే అలెగ్జాండర్ లివింగ్‌స్టన్ దొరికాడు.

ఆయన 1821లో ఆ ఊళ్లోనే పుట్టాడు. పదేళ్లప్పుడు మొదటిసారి టమోటాలు కంటబడితే కోసుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్లాడట. అవి విషం, పందులు కూడా ముట్టవు, తినొద్దని ఆవిడ గట్టిగా చెప్పిందట. పెద్దయ్యాక విత్తనాల వ్యాపారంలో దిగి ఆ కాయ వెంటే పడ్డాడు. అప్పటి టమోటా ఒళ్లంతా గాళ్లు, ముడతలు. కోస్తే లోపల డొల్ల. నున్నటి కాయను ఏరి దాని గింజలు వేసేవాడు. మళ్లీ ముడతల కాయలే కాసేవి. పదిహేనేళ్లు ఇదే తంతు.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు మనవాళ్లు. ఆయన చిక్కంతా అందులోనే ఉంది. ఒకే చెట్టున కాసిన నున్నటి కాయ గింజలోనూ వంకర కాయ గింజలోనూ దిగేది ఆ తల్లిచెట్టు గుణమే. చివరికి పొలంలో ఒక చెట్టు ఆయన కంట్లో పడింది. కాయలు చిన్నవే కానీ ఒక్కటీ తేడా లేకుండా అన్నీ నున్నగా ఉన్నాయి. దాని గింజలు విడిగా వేసి, ఏటేటా వాటిలో మంచి చెట్లనే ఎంచుకుంటూ కాయ సైజు పెంచాడు. 1870లో అది ‘పారగాన్’ పేరుతో బజారుకెక్కింది. 1875లో ‘యాక్మే’, 1882లో పసుపుపచ్చ ‘గోల్డెన్ క్వీన్’ వచ్చాయి. 1893లో తన అనుభవమంతా పుస్తకంగా వేశాడు. 1898లో పోయాడు. మెండెల్ చెప్పిన వంశపారంపర్య సూత్రాలను శాస్త్రవేత్తలు పట్టించుకున్నది 1900లో. అంటే ఈయన చేసిందంతా కంటిచూపుతోనే. పుట్టిల్లు కాదు గానీ, రేనాల్డ్స్‌బర్గ్ టమోటాకు మెట్టినిల్లంటే నాకు అభ్యంతరం లేదు.

పారగాన్ గింజలు ఇప్పటికీ దొరుకుతాయి. మార్చి నెలాఖరులో ఇంట్లో కిటికీ పక్కన ట్రేలో పోస్తాను. మే నడుమ, మంచు భయం పోయాక పెరట్లో నాటుతాను. మళ్లీ ఏడాదికి విత్తనం కావాలంటే, పండిన కాయ గుజ్జు గాజుగ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు వదిలేస్తే పైన తెల్లటి బూజు తెట్టు కడుతుంది, వాసన కొడుతుంది. గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోయి గట్టి గింజలు అడుక్కి దిగుతాయి, తాలు తేలిపోతుంది. కడిగి పింగాణీ పళ్లెంలో ఆరబెడతాను. కాగితం మీదైతే అంటుకుని రావు.

ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే అమ్మ, “దానికంత కథెందుకురా? సొరకాయ విత్తనానికి వదిలేటప్పుడు నేను ముందు పాదును చూసేదాన్ని, తర్వాతే కాయను” అంది. సొర పువ్వుకైతే పక్క పాదు పుప్పొడి కూడా తగులుతుంది. టమోటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి పెరట్లో రకం నిలబెట్టుకోవడం ఇంకా తేలిక.

మదనపల్లె పొలాల్లో ఇప్పుడు హైబ్రిడ్ నారే. లారీలో దూరం పోయే కాయ కావాలి కాబట్టి రైతును తప్పు పట్టలేం. అయితే ఆ కాయ గింజ మళ్లీ వేస్తే చెట్టుకో తీరు. పాత రకాలను కాపాడుకోవాలంటే ఇక పెరటివాళ్లమే దిక్కు. కాయలు పండకముందే చెట్లన్నీ ఒకసారి తిరిగి చూసి, తెగులు లేకుండా, అన్నీ ఒకే తీరు కాయలున్న చెట్టుకు గుడ్డపేలిక కట్టండి. పక్క చెట్టున ఎంత పెద్ద కాయ ఊరించినా దాన్ని పప్పులో వేసుకోండి.