రెండో కుర్చీ కోసం రెండు శతాబ్దాలు

అమెరికాలో మొదటి నగరం ఏదంటే ఇవాళ ఎవరూ తడుముకోరు. న్యూయార్క్. రెండోది ఏదన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. జనాభా చూసేవాళ్లు లాస్ ఏంజెలెస్ అంటారు. షికాగోవాళ్లు ఒప్పుకోరు. అధికారం ఎక్కడుంటే అదే ముఖ్యం కదా అనేవాళ్లు వాషింగ్టన్ పేరెత్తుతారు. ఈ పేచీ నిన్నమొన్నటిది కాదు. ఆ దేశం మొదటిసారి తలలు లెక్కపెట్టుకున్న 1790లోనే దానికి బీజం పడింది.

ఆ లెక్కల్లో న్యూయార్క్ 33,131 మందితో ముందుంది, ఫిలడెల్ఫియా 28,522తో వెనకబడింది. అయితే ఫిలడెల్ఫియా పొలిమేర దాటగానే నార్తర్న్ లిబర్టీస్, సౌత్‌వార్క్ అనే పేటలు ఉండేవి. పేరుకే అవి వేరు. వాటినీ కలుపుకుంటే ఫిలడెల్ఫియా జనాభా 44 వేలు. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రెండూ పుట్టింది అక్కడే. 1790 నుంచి 1800 దాకా దేశ రాజధాని అదే. మొదటి జాతీయ బ్యాంకు 1791లో మొదలైందీ అక్కడే. కాగితం మీద రెండో స్థానంలో ఉన్న నగరం నిజానికి దేశానికి మొదటి నగరం. రెండో కుర్చీ కథ అంతా ఈ హద్దుల చుట్టూనే తిరుగుతుంది.

1825లో ఈరీ కాలువ తెరుచుకుంది. హడ్సన్ నది నుంచి ఈరీ సరస్సు దాకా 363 మైళ్లు. లోపలి ప్రాంతాల ధాన్యం పడవెక్కి నేరుగా న్యూయార్క్ రేవుకు చేరసాగింది. ఇక ఆ నగరాన్ని అందుకోవడం ఎవరి తరమూ కాలేదు. పోటీ రెండో స్థానానికి దిగింది. కాలువ తవ్వుకునే వీల్లేని బాల్టిమోర్ 1827లో రైల్వే కంపెనీ పెట్టింది. 1830 లెక్కల్లో 80,620 మందితో ఫిలడెల్ఫియాను 158 తలల తేడాతో దాటేసింది. పదేళ్ల తర్వాత బాల్టిమోర్ 1,02,313, న్యూ ఆర్లీన్స్ 1,02,193. తేడా 120 మంది! మన ఊళ్లో ఒక పెళ్లిలో రెండు బంతులకు సరిపోయేంత మంది. మిసిసిపీ మీద ఆవిరి పడవల్లో దిగే పత్తి న్యూ ఆర్లీన్స్‌ను అంత పైకి లేపింది. దేశంలోకెల్లా పెద్ద బానిసల సంత కూడా అక్కడే నడిచేదన్న సంగతి ఆ వైభవాన్ని తలచుకునేటప్పుడు మరవకూడదు.

ఫిలడెల్ఫియా ఏమైంది? 1850లో దాని జనాభా 1,21,376 అని రాశారు. చుట్టూ ఉన్న కౌంటీ మొత్తం కలిపితే నాలుగు లక్షలు దాటుతుంది. అల్లరిమూకలు ఒక పేటలో గొడవ చేసి వీధి దాటి పక్క పేటలోకి పోతే పోలీసులు వెంటపడలేని పరిస్థితి. 1854లో కౌంటీ అంతటినీ ఒకే నగరం చేశారు. రెండు చదరపు మైళ్ల ఊరు దాదాపు 130 చదరపు మైళ్లయింది. 1860 లెక్కల్లో 5,65,529 మందితో రెండో కుర్చీలో మళ్లీ కూర్చుంది.

ఆ కుర్చీ లాగేసుకోబోయే ఊరిలో 1840లో ఉన్నది 4,470 మంది.

షికాగోకు 1848 కలిసొచ్చింది. మిషిగన్ సరస్సును మిసిసిపీ వైపు నదులతో కలిపే కాలువ, మొదటి రైలుమార్గం, ధాన్యం వర్తకుల సంఘమైన బోర్డ్ ఆఫ్ ట్రేడ్ మూడూ ఆ ఏడాదే వచ్చాయి. అంతకుముందు గోధుమలు గోనె సంచుల్లో వచ్చేవి. ఏ సంచి ఏ రైతుదో అమ్ముడుపోయేదాకా తెలిసేది. నది ఒడ్డున ఎలివేటర్లనే ఎత్తైన గిడ్డంగులు లేచాక సంచితో పని లేకపోయింది. ఆవిరి యంత్రంతో తిరిగే బకెట్ల గొలుసు రైలు పెట్టెలోని గింజల్ని పైకి తోడేది. అక్కడ తూకం వేసి గాదెల్లోకి జారవిడిచేవారు. ఒకే గ్రేడు గింజలన్నీ ఒకే గాదెలో కలిసిపోయేవి. తెచ్చినవాడి చేతికి రసీదు వచ్చేది. గింజ కదలకుండానే రసీదులు చేతులు మారేవి. ఆ తర్వాత చేలోంచి ఇంకా ఇంటికి రాని పంటకు కూడా బేరాలు సాగాయి. ఇవాళ నిజామాబాద్ పసుపు మీద నడిచే ఫ్యూచర్స్ బేరాల మూలాలు వెతికితే ఆ నది ఒడ్డుకే చేరతాం. ఒక నగరం ప్రాముఖ్యాన్ని తూచడానికి ఇంతకు మించిన కొలబద్ద లేదు. అది కనిపెట్టిన పద్ధతిని మిగతా లోకం ఎంతకాలం వాడుకుంది?

1871 అక్టోబరులో మంటలు నగరం నడిబొడ్డును తినేశాయి. దాదాపు లక్ష మంది నిలువనీడ కోల్పోయారు. అయినా రైళ్లు ఆగలేదు, పశువుల యార్డులు మిగిలాయి. 1889లో షికాగో చుట్టుపక్కల 125 చదరపు మైళ్లను కలిపేసుకుంది. మరుసటి ఏడాది లెక్కల్లో 10,99,850 మందితో ఫిలడెల్ఫియాను దాటింది. ఆ కలుపుకోవడమే లేకుంటే దాటేది కాదు. ప్రపంచ ప్రదర్శన ఎక్కడ జరగాలన్న పోటీలోనూ న్యూయార్క్‌ను ఓడించింది. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పడమటి ప్రయాణం ఎందుకో చెప్పిన వివేకానందుడు సెప్టెంబరు 11న సర్వమత సభలో మాట్లాడింది ఆ ప్రదర్శన సందర్భంగానే.

షికాగో తమనూ మించిపోతుందేమోనన్న దిగులు న్యూయార్క్ పెద్దలకు పట్టుకుంది. పక్కనున్న బ్రూక్లిన్ అప్పటికి దేశంలో నాలుగో పెద్ద నగరం. 1894లో అక్కడ ఓటింగు పెడితే 277 ఓట్ల ఆధిక్యంతో విలీనానికి ఒప్పుకున్నారు. 1898 నుంచి బ్రూక్లిన్ న్యూయార్క్‌లో భాగం. మొదటి స్థానానికి పోటీ అంతటితో ముగిసింది.

1952లో ఏ.జె. లీబ్లింగ్ అనే న్యూయార్క్ రచయిత షికాగోను ‘సెకండ్ సిటీ’ అని ఎత్తిపొడుస్తూ వ్యాసాలు రాశాడు. 1959లో అక్కడి నాటక బృందమొకటి ఆ మాటనే తన పేరుగా పెట్టుకుంది.

అప్పటికే పడమటి తీరంలో మరో నగరం పెరుగుతోంది. లాస్ ఏంజెలెస్‌కు నీళ్లూ లేవు, సరైన రేవూ లేదు. రెంటినీ తెచ్చుకుంది. 1906లో చెప్పుల తాడులాంటి సన్నటి భూమిపట్టీని కలుపుకుంటూ సముద్రం వైపు సాగింది. 1909లో శాన్ పెడ్రో రేవును తనలో చేర్చుకుంది. 1913 నవంబరులో 233 మైళ్ల దూరం నుంచి, ఎక్కడా పంపు లేకుండా, వాలు మీదే ఓవెన్స్ లోయ నీళ్లు దిగాయి. ఇంజినీరు విలియం ముల్‌హాలండ్ జనంతో అన్నది రెండే మాటలు: “అవిగో నీళ్లు. తీసుకోండి.” ఆ నీళ్ల కోసమే 1915లో శాన్ ఫెర్నాండో లోయ నగరంలో చేరింది. అటు ఓవెన్స్ లోయ రైతుల పొలాలు ఎండిపోయాయి. సినిమా, విమానాల తయారీ, పసిఫిక్ వర్తకం మిగతా పని పూర్తిచేశాయి. 1980లో షికాగోకూ దానికీ తేడా నలభై వేలకు లోపే. 1990 నాటికి లాస్ ఏంజెలెస్ 34.85 లక్షలు, షికాగో 27.84 లక్షలు.

వాషింగ్టన్‌ను ఈ లెక్కలోకి తేవడం సరికాదు. దాని బలం చట్టం ఇచ్చింది. మిగతావి రేవులూ పట్టాలూ పట్టుకుని ఎదిగాయి. ఆ కొలతలో చూస్తే నేడు రెండో కుర్చీ లాస్ ఏంజెలెస్‌దే. ఆసియా సరుకు దిగే కంటైనర్ రేవుల్లో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ జంటకు దేశంలో సాటి లేదు. అయితే అక్కడ దిగిన పెట్టెల్లో ఎన్నో రైలెక్కి షికాగోకే వెళ్తాయి. దేశంలోని పెద్ద రైల్వే కంపెనీల పట్టాలన్నీ ఇప్పటికీ కలిసేది అక్కడే.

2020 లెక్కల్లో షికాగో మూడోది, హ్యూస్టన్ నాలుగోది. ఒకప్పటి రాజధాని ఫిలడెల్ఫియాను ఎడారి నగరం ఫీనిక్స్ 4,342 మంది తేడాతో ఆరో స్థానానికి నెట్టింది.